టీషర్టు మీద కంపెనీ పేరు, పేస్లిప్‌లో ఏజెన్సీ పేరు

ప్రశ్న: అన్నయ్య గారూ, మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. శ్రీకాకుళంలో బీకాం చేశాను. సబ్బులు, షాంపూలు, టీపొడి అమ్మే ఒక పెద్ద కంపెనీకి రెండేళ్లుగా సేల్స్‌మన్‌గా తిరుగుతున్నాను. టెక్కలి, పాతపట్నం, మెళియాపుట్టి, మందస నా లైన్లు. జీతం 16 వేలు, పెట్రోలు ఖర్చులు, టార్గెట్ కొడితే ఇన్సెంటివ్. జీతం వేసేది మాత్రం కంపెనీ కాదు, ఒక ఏజెన్సీ. నెలాఖరు వచ్చిందంటే టెన్షన్. 'ఇంకా ఇంత గ్యాప్ ఉంది, ఎలా క్లోజ్ చేస్తావో నీ ఇష్టం' అని సార్ గ్రూపులో పెడతారు. అప్పుడు తెలిసిన కొట్ల పేర్ల మీద బిల్లులు కొట్టేసి, ఆ సరుకుని హోల్‌సేల్ వాళ్లకి తగ్గించి వేస్తున్నాను. తేడా నా జేబులోంచి పోతోంది. మా మేనత్త కొడుకు ఇదే కంపెనీకి ముంబై ఆఫీసులో చేస్తున్నాడు. 'ఇంత మంచి కంపెనీ దొరకదు, వదలకు' అంటాడు. మా లైన్లో సీనియర్ 'రక్తం పీల్చేస్తారు, వయసుండగానే పారిపో' అంటాడు. ఎవరి మాట వినాలి? పైడిభీమవరంలో ఒక మందుల ఫ్యాక్టరీలో 18 వేలకి ఆఫర్ వచ్చింది. ఇంకో చిన్న మాట. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అబ్బాయి ఫలానా కంపెనీలో ఉద్యోగం అని చెప్తున్నారు. అది అబద్ధం కిందకి వస్తుందా? — శ్రీకాకుళం జిల్లా పాఠకుడు

జవాబు:

తమ్ముడూ, నీ బావా నిజమే చెప్పాడు, నీ సీనియరూ నిజమే చెప్పాడు. ఒకే కంపెనీలో ఇద్దరూ పని చేస్తున్నారు అనుకోవడం దగ్గరే నీకు తికమక మొదలైంది.

ఇలాంటి పెద్ద కంపెనీలో ఒకే పేరు కింద నాలుగైదు రకాల బతుకులు నడుస్తుంటాయి. ముంబై ఆఫీసులో బ్రాండు చూసుకునేవాళ్లు పెద్ద బిజినెస్ స్కూళ్ల నుంచి వస్తారు. వాళ్లకి కుటుంబం మొత్తానికి ఆరోగ్య బీమా, ఆడవాళ్లకి 26 వారాల ప్రసూతి సెలవు, బాగా చేస్తే విదేశాల పోస్టింగు ఉంటాయి. వాళ్లూ రాత్రి పది దాకా పని చేస్తారు, కాదనను. ఫ్యాక్టరీలో పర్మినెంటు వాళ్లది ఒక లెక్క, అదే మిషను దగ్గర నిలబడే కాంట్రాక్టు వాళ్లది ఇంకో లెక్క. సేల్స్‌లో నీ సార్ లాంటి ఆఫీసరు కంపెనీ పేరోల్ మీద, అంటే కంపెనీయే నేరుగా జీతమిచ్చే జాబితాలో ఉంటాడు. ఆయన కింద నీలాంటివాళ్లు ఏజెన్సీ మీదో, డిస్ట్రిబ్యూటరు మీదో ఉంటారు. పాతపట్నంలో కొట్టాయనకి నువ్వు 'కంపెనీ అబ్బాయి'వే. కంపెనీ హెచ్‌ఆర్ రికార్డుల్లో మాత్రం నీ పేరు ఉండకపోవచ్చు.

హిందుస్తాన్ యూనిలీవర్ లాంటి కంపెనీలు కొత్తగా తీసుకున్న మేనేజ్‌మెంట్ ట్రైనీలని కొన్నాళ్లు పల్లెల్లో ఉండి రమ్మని పంపిస్తాయి. పల్లెటూరి ఆడవాళ్ల చేత ఇంటింటికీ సరుకు అమ్మించే ఆ కంపెనీ 'శక్తి' పథకం కూడా ఉమ్మడి రాష్ట్రంలోని నల్గొండ జిల్లాలోనే మొదలైంది. అంటే పల్లె అమ్మకం ఎంత విలువైనదో పైవాళ్లకి బాగా తెలుసు. నువ్వు రోజూ తిరిగే దారి వాళ్లకి ట్రైనింగులో ఒక పాఠం. పాఠం చదివి వెళ్లిపోయినవాడి అనుభవాన్నీ, ఆ దారిలోనే టైర్లు అరగదీసినవాడి అనుభవాన్నీ పక్కపక్కన పెట్టి ఎవరిది నిజం అంటే నేనేం చెప్పను? నీ బావ మాట ముంబై ఉద్యోగానికి పనికొస్తుంది. నీ ఉద్యోగం గురించి నీ సీనియరు మాటకే విలువ ఎక్కువ. కాకపోతే ఆయన మాటలో విసుగు పాలు తీసేసి వినాలి.

ఇక అసలు సంగతి, ఆ నెలాఖరు బిల్లులు. ఉద్యోగం వదలాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఇది ఆపాలి.

ఆ ఒత్తిడి ఎక్కడ పుడుతుందో చూడు. సరుకు కంపెనీ డిపో నుంచి డిస్ట్రిబ్యూటరు గోడౌనుకి దిగగానే కంపెనీ లెక్కలో అమ్మకం అయిపోయినట్టే. దాన్ని ప్రైమరీ అంటారని నీకు తెలుసు. గోడౌను నుంచి కొట్టుకి వెళ్లేది సెకండరీ. కొట్టు నుంచి మనిషి ఇంటికి వెళ్లే అసలు అమ్మకానికి మీ యాప్‌లో గడే లేదు. పైనుంచి ప్రైమరీ తోస్తారు, గోడౌను నిండిపోతుంది, డిస్ట్రిబ్యూటరు 'ఇంక నా డబ్బు ఇరికించను' అంటాడు. ఆయన చేత మళ్లీ ఆర్డరు పెట్టించాలంటే పాత సరుకు కదలాలి. ఆ కదిలించే పని నీ నెత్తిన పడుతుంది. స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీలు మూడు నెలలకోసారి ఫలితాలు చెప్పాలి కాబట్టి మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు ఆఖర్లు మరీ వేడిగా ఉంటాయి. నీ సార్‌కి పైన ఇంకో సారున్నాడు. ఆయన ఫోన్లోనూ ఇలాంటి గ్రూపే ఒకటి మోగుతుంటుంది. దాంతో ఆయన చేసేది ఒప్పయిపోదనుకో, నీ మీద పగతో చేస్తున్నాడన్న బాధ మాత్రం అక్కర్లేదు.

ఇప్పుడు నీ జేబు లెక్క. 40 వేల సరుకుని నాలుగు కొట్ల పేర్ల మీద కొట్టి, హోల్‌సేల్ వాడికి నాలుగు శాతం తగ్గించి వేశావనుకో. 1,600 నీ చేతి చమురు. ఇన్సెంటివ్ 2,500 వచ్చిందే అనుకుందాం, 900 మిగిలిందని సంబరం. వచ్చే నెల ఏమవుతుంది? ఆ హోల్‌సేల్ వాడు అదే సబ్బుని నీ రేటు కన్నా రెండు శాతం తక్కువకి మెళియాపుట్టి కొట్లకి పంపిస్తాడు. నువ్వు లైన్‌కి వెళ్లేసరికి సరుకు కొట్లో ఉంటుంది, ఆర్డరు మాత్రం రాదు. మొన్న 40 వేలున్న గ్యాపు ఈసారి 60 వేలవుతుంది. నీ లైన్‌ని నువ్వే తినేస్తున్నావు. పాతపట్నం దగ్గర ఇది ఇంకా తేలిక. నది దాటితే పర్లాకిమిడి, అక్కణ్నుంచి ఇటూ ఇక్కణ్నుంచి అటూ తక్కువ రేటు సరుకు పారుతూనే ఉంటుంది. ఒడిశా వైపు సేల్స్‌మన్ నెలాఖరున దింపేసిన పెట్టెలు నీ లైన్లో తేలితే నువ్వే తిట్టుకుంటావు కదా!

నేనూ ఆ రోడ్లలో తిరిగినవాడినే. సేల్స్‌మన్ బండి ఆగగానే కొట్టాయన ముందు తన అటక వైపు చూస్తాడు. మొన్న దించిన అట్టపెట్టె తాడు కూడా విప్పలేదు, గుమ్మానికి షాంపూ ప్యాకెట్ల దండలు ఎండకి రంగు వెలిసి వేలాడుతున్నాయి. 'ఏటి బావూ, మొన్నటిదే కదల్లేదు, మళ్లీ బిల్లు కొట్టీమంటావేటి?' అంటాడు. ఆ మాట అన్న మనిషి పేరు మీదే నువ్వు ఆయనకి తెలియకుండా బిల్లు కొడుతున్నావు. ఆయనకి జీఎస్‌టీ నెంబరుండి, బిల్లు ఆ నెంబరు మీద పడిందనుకో, అది ఆయన జీఎస్‌టీ ఆర్-2బీలో, అంటే ఆయన కొన్న సరుకు బిల్లులు చూపించే జీఎస్‌టీ పట్టికలో కనబడుతుంది. ఆయన ఆడిటరు 'ఈ సరుకెక్కడ?' అని అడిగిన రోజు నువ్వేం చెప్తావు? బిల్లు కొట్టింది నీ లాగిన్ నుంచి. సార్ మాత్రం గ్రూపులో 'ఎలా చేస్తావో నీ ఇష్టం' అన్నాడే తప్ప దొంగ బిల్లు కొట్టమని ఎక్కడా రాయలేదు. ఆ వాక్యం అంత జాగ్రత్తగా ఎందుకు రాస్తారో ఇప్పుడు తెలిసిందా?

ఈ నెల నుంచి ఆపెయ్. ఆపితే టార్గెట్ పోతుంది, ఇన్సెంటివ్ పోతుంది, నాలుగు మాటలు పడతావు. నువ్వు ఇప్పటికే నష్టానికి కొంటున్న ఇన్సెంటివే అది. మాటలు పడేది కూడా 30వ తేదీ దాకా ఆగకు. పదో తేదీకల్లా సార్‌కి విడిగా వాట్సాప్‌లో రాసిపెట్టు: 'సార్, పాతపట్నం లైన్లో 32 కొట్లలో 20 కొట్లకి పోయిన నెల సరుకే ఉంది. ఈ నెల ఇంతకి మించి రాదు. టెక్కలిలో కొత్తగా ఆరు కొట్లు తెరుస్తాను, అక్కడ ఇంత వస్తుంది.' అంకెలు నీ లైన్వి వేసుకో. కొత్త కొట్లు, పాత కొట్లలో బిల్లుకి ఒక ఐటెం ఎక్కువ తెప్పించడం, ఇవి చూపించే కుర్రాణ్ని సార్లు అంత తేలిగ్గా పంపించరు. అతని లైన్‌కి వేరేవాణ్ని వెతికి, ట్రైనింగిచ్చి, కొట్లు పరిచయం చేసేసరికి వాళ్లకి రెండు నెలలు పోతాయి.

అప్పటికీ 'బిల్లు కొట్టాల్సిందే' అంటే, స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీలు ఫిర్యాదులకి ఒక రహస్య మార్గం పెట్టాలని కంపెనీల చట్టం చెప్తోంది. చాలా కంపెనీలు ఏజెన్సీ మనుషుల ఫిర్యాదులు కూడా అందులో తీసుకుంటాయి. కంపెనీ వెబ్‌సైటులోనే ఫోను నెంబరు, ఈమెయిలు దొరుకుతాయి. దాన్ని మొదటి మెట్టుగా వాడమని చెప్పను. ముందు సార్‌తో రాతలో మాట్లాడు, ఆ స్క్రీన్‌షాట్లు దాచుకో.

గ్యాప్ వచ్చిందంటే ప్రతిసారీ నీ తప్పే అని కూడా కుమిలిపోకు. 2025 సెప్టెంబరు గుర్తుందిగా. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు మీద జీఎస్‌టీ 18 నుంచి 5 శాతానికి తగ్గిస్తున్నామని 3న చెప్పి 22 నుంచి అమలు చేశారు. మధ్యలో ఏ కొట్టాయన కొంటాడు? దేశమంతా లైన్లు ఖాళీగా తిరిగొచ్చాయి. అందులో నీ పనితనం ఏముంది?

ఇక కాగితాల సంగతి. ఈ ఆదివారం ఒక గంట కూర్చుని నాలుగు చూడు.

నియామక పత్రం ఉందా? 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం అది ఇచ్చి తీరాలి. అందులో యజమాని అని ఎవరి పేరుందో అదే నీ కంపెనీ. తర్వాత పేస్లిప్. పీఎఫ్ కింద నీ వాటా 12 శాతం కోస్తారు, అంతే వాటా యజమాని వెయ్యాలి. బేసిక్ 10 వేలనుకుంటే నీ దగ్గర కోసేది 1,200. కోసినంత మాత్రాన కట్టినట్టు కాదు. ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో నీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నెంబరు) పాస్‌బుక్ తెరిచి నెల నెలా పడుతోందో లేదో చూడు. ఏజెన్సీ మారినప్పుడు కొత్త యూఏఎన్ తెరవనివ్వకు, పాతదే కొనసాగించమను. పదేళ్ల సర్వీసు నిండితేనే పెన్షను హక్కు వస్తుంది. రెండేళ్లు ఇక్కడ, మూడేళ్లు అక్కడ అని ముక్కలైతే అది చేజారుతుంది. పీఎఫ్ వాళ్ల వెబ్‌సైటులో నామినేషన్ కూడా పెట్టు. పీఎఫ్ ఉన్న మనిషికి జరగరానిది జరిగితే ఇంట్లోవాళ్లకి 7 లక్షల దాకా బీమా వస్తుంది, చాలా ఇళ్లల్లో ఆ సంగతే తెలియదు.

మూడోది ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా. నాలుగింట్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. నీ జీతం 21 వేల లోపే, కాబట్టి నీకు వర్తించాలి. 16 వేల మీద నీ వాటా 0.75 శాతం, అంటే 120 రూపాయలు. యజమాని 3.25 శాతం కట్టాలి. నువ్వు రోజూ హైవే మీద నరసన్నపేట, టెక్కలి మధ్య లారీల పక్కన బండి నడుపుతున్నావు. మీ పనిలో పెద్ద ప్రమాదం టార్గెట్ కాదు, రోడ్డు. లైన్లో ఉండగా దెబ్బ తగిలితే ఈఎస్‌ఐలో అది పనిలో తగిలిన గాయమే. వైద్యంతో పాటు, కోలుకునేదాకా జీతంలో 90 శాతం వస్తుంది. జ్వరం, జబ్బు లాంటి వాటికైతే 70 శాతం, ఏడాదిలో 91 రోజుల దాకా. అది కావాలంటే నీ పేరు రిజిస్టర్ అయి ఉండాలి, ఈ-పెహచాన్ కార్డు (ఈఎస్‌ఐ గుర్తింపు కార్డు) చేతిలో ఉండాలి, నీకు కేటాయించిన డిస్పెన్సరీ ఏదో తెలిసి ఉండాలి. కాలు విరిగాక వెతుక్కునే కాగితం కాదది.

నాలుగోది కొట్ల బాకీలు. నీ పేరు మీద మార్కెట్లో ఎంత ఉంది? దొంగ బిల్లుల తాలూకు బాకీ ఏదైనా మిగిలి ఉంటే ముందు అది తేల్చుకో. రేపు నువ్వు మానేస్తానంటే డిస్ట్రిబ్యూటరు తీసేది ఆ చిట్టానే. జీతంలో కోతకి కూడా హద్దులున్నాయి. నీ నిర్లక్ష్యం వల్లే నష్టం వచ్చిందని తేలాలి, నీ వివరణ వినాలి, అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు. కొట్టాయన ఎగ్గొట్టిన డబ్బు చప్పుడు చెయ్యకుండా నీ జీతంలో పట్టేయడం కుదరదు. అయితే దొంగ బిల్లు నువ్వు కొట్టినదైతే ఆ మాట గట్టిగా అడగలేవు.

ఇప్పుడు పైడిభీమవరం. రెండు వేలు ఎక్కువని వెళ్లకు. అక్కడ కూడా ముందు అడగాల్సింది అదే, నియామక పత్రం ఫ్యాక్టరీ ఇస్తుందా, కాంట్రాక్టరు ఇస్తాడా? షిఫ్టు ఎన్ని గంటలు, ఎనిమిది దాటితే ఓటీ (అదనపు గంటల డబ్బు) ఇస్తారా? నరసన్నపేట నుంచి రోజూ బస్సుందా, గది తీసుకోవాలా? గది అద్దె, మెస్సు కలిపితే ఆ రెండు వేలు మొదటి వారంలోనే అయిపోతాయి. కంపెనీ రోల్ మీద, బీకాంకి సరిపోయే స్టోర్సు, డిస్పాచ్, అకౌంట్సు పని అయితే ఆలోచించు. కాంట్రాక్టరు కింద ప్రొడక్షన్ హెల్పరు అయితే వద్దనే నా మాట. రెండేళ్లుగా నేర్చుకున్నదంతా అక్కడ గేటు బయటే ఉండిపోతుంది.

ఏం నేర్చుకున్నాను అంటావేమో. జీడిపిక్కల డబ్బు చేతికొచ్చే వేసవిలో మందస వైపు పెద్ద ప్యాకెట్లు కదులుతాయని నీకు తెలుసు. సంక్రాంతికి హైదరాబాదు, చెన్నై నుంచి వలస వెళ్లినవాళ్లు దిగేసరికి ఊళ్లో కొట్లు ఏ సబ్బు అడుగుతాయో తెలుసు. ఏ కొట్టాయనకి అప్పిస్తే వస్తుందో, ఎవరికి ఇస్తే రాదో తెలుసు. ముంబైలో నీ బావకి స్క్రీన్ మీద ఒక గీత కనబడుతుందే, అది ఎందుకు పైకి లేచిందో ఎందుకు పడిందో చెప్పగలిగేది నువ్వే. ఈ జ్ఞానానికి గిరాకీ ఉంది. సొంత రోల్ మీద మనుషుల్ని తీసుకునే చిన్న, మధ్య తరగతి కంపెనీలు, మసాలాలు, నూనెలు, బిస్కెట్లు, పాల వాళ్లు, శ్రీకాకుళం, విజయనగరం లైన్లు తెలిసిన కుర్రాళ్ల కోసం వెతుకుతూనే ఉంటారు. పేరు చిన్నదైనా పేస్లిప్ వాళ్లదే అయితే నీకది మేలు.

ఇక్కడే ఎదగొచ్చా అంటే, సార్‌ని సూటిగా అడుగు: 'మన ఏరియాలో ఏజెన్సీ నుంచి కంపెనీ పేరోల్‌కి ఎవరైనా వెళ్లారా?' ఇద్దరి పేర్లు చెప్తే వాళ్లతో మాట్లాడు, ఏ చదువు అడిగారో కనుక్కో. ఎంబీఏ అడిగారంటే ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్యలో చేరొచ్చు, లైన్లు తిరుగుతూ చదివినవాళ్లు ఉన్నారు. పేరు చెప్పలేక 'బాగా చేస్తే చూద్దాం' అన్నాడంటే జవాబు వచ్చేసినట్టే.

కాబట్టి నా సలహా ఇది. ఇప్పటికిప్పుడు మానకు. దొంగ బిల్లులు ఆపి, బాకీలు తేల్చుకుని, వేరే కంపెనీల్లో సొంత రోల్ ఉద్యోగం వెతుక్కుంటూ ఇందులో కొనసాగు. దొరికాక రాజీనామా రాతలో పెట్టు. లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలని కొత్త వేతనాల కోడ్ చెప్తోంది. బాకీ లేదన్న కాగితం డిస్ట్రిబ్యూటరు దగ్గర, రిలీవింగ్ లెటరు, అనుభవ పత్రం ఏజెన్సీ దగ్గర తీసుకున్నాకే బండి తాళం తియ్. రెజ్యూమేలో ఏజెన్సీ పేరు, 'ఫలానా కంపెనీ ఉత్పత్తుల అమ్మకం' అని రెండూ రాయి. కంపెనీ పేరొక్కటే రాస్తే, కొత్తవాళ్లు వెరిఫికేషన్‌కి ఫోను చేసినప్పుడు 'అలాంటి పేరు మా రికార్డులో లేదు' అంటారు. రెండేళ్ల నిజమైన పని అబద్ధమైపోతుంది.

సంబంధాల విషయం. మీ ఇంట్లోవాళ్లు 'కంపెనీలో' అనడంలో దురుద్దేశం ఏమీ లేదు, ఊళ్లో అందరూ నిన్ను అలాగే పిలుస్తారు కదా. కానీ మాటలు ముందుకెళ్లే సంబంధం అయితే, తాంబూలాల దాకా రానివ్వకుండా నువ్వే అమ్మాయి తండ్రికో అన్నకో చెప్పు: 'ఏజెన్సీ ద్వారా చేస్తున్నానండి, చేతికి ఇంత వస్తుంది, పీఎఫ్ ఉంది.' పాస్‌బుక్ చూపించు. మన జిల్లాల్లో సగం ఇళ్లల్లో ఎవరో ఒకరు కాంట్రాక్టు మీద చేస్తున్నవాళ్లే, వాళ్లకి ఆ మాట కొత్తేం కాదు. ఇన్సెంటివ్ మాత్రం జీతంలో కలిపి చెప్పకు.